నా కుడి పాదం, మాఘ ఆదివారాలు

ఆశ్వయుజం

శుక్రవారం పొద్దున్నే పూజగది కడిగి, ముగ్గు పెట్టి, కాళ్ళకు పసుపు రాసుకుని పారాణి దిద్దుకున్నాను. దీపం వెలిగించి ఇవతలికి వచ్చేసరికి మా అత్తగారు నడవలో నిలబడి నేలకేసి చూస్తున్నారు.

“ఒసే కనకా, పారాణి ఆరకుండా తిరగొద్దని ఎన్నిసార్లు సెప్పాలే నీకు? సూడు, ఇల్లంతా ఎర్రగా తొక్కీసినావు.”

నిజమే. పూజగది నుంచి వంటింటి దాకా తెల్ల పలకల మీద కుడి పాదం ముద్రలు వరసగా పడి ఉన్నాయి. ఎడమ పాదం ముద్ర ఒక్కటీ లేదు. తడిగుడ్డ తెచ్చి తుడిచాను. తుడుస్తూ జరిగిన చోట మళ్ళీ ముద్ర పడింది. అప్పుడు కూర్చుని అరికాలు తిప్పి చూసుకున్నాను. బొటనవేలి కింద కండలో ఒక మేకు దిగి ఉంది. దుకాణానికి సరుకు వచ్చే చెక్కపెట్టెలకు కొట్టే మేకు. ఎప్పుడు దిగిందో తెలియదు. నొప్పి లేదు.

నాకు షుగరు వచ్చి చాలా ఏళ్ళయింది. పాదాలు మొద్దుబారాయని తెలుసు గానీ, మేకు దిగినా తెలియనంతగా మొద్దుబారాయని తెలియదు. లాగేసి, పసుపు అద్ది, గుడ్డ చుట్టుకుని పోపు పెట్టడానికి లేచాను. షుగరున్న వాళ్ళెవరైనా ఇది చదువుతుంటే ఇక్కడే ఒక మాట చెప్పేస్తాను. రోజూ అరికాళ్ళు చూసుకోండి. వంగలేకపోతే కింద అద్దం పెట్టుకునైనా చూసుకోండి.

మాది రాజాం. ముందు కిరాణా దుకాణం, వెనక ఇల్లు, పైన మేడ. మా ఆయన, అత్తగారు, నేను. మాకు పిల్లలు లేరు. నేను బడికి పోలేదు. అక్షరాలూ స్తోత్రాలూ మా నాన్నగారే ఇంట్లో కూర్చోబెట్టి నేర్పారు. పొద్దున్నే సూర్యభగవానుడికి దండం పెట్టనిదే మంచినీళ్ళు ముట్టని ఇల్లు మాది. పెళ్ళై వచ్చిన ఇల్లూ అలాంటిదే కావడం నా అదృష్టమనుకునేదాన్ని. మామగారు పోయాక దుకాణాన్ని నిలబెట్టింది అత్తగారే. చింతపండు, పసుపుకొమ్ములు, మిరపకాయలు, ఏ సరుకైనా మేడ మీద ఆవిడ చేత్తో ఎండబెట్టాకే డబ్బాల్లోకి వెళ్ళేది. ఆవిడ నిలబెట్టిన దుకాణం అన్నమే ఇన్నాళ్ళూ తిన్నాను. ఆ మాట మరిచిపోయి ఏదీ రాయను.

మార్గశిరం

పుండు మానలేదు. ముందు నీరు కారింది, తరవాత వాసన వచ్చింది. వాసన మొదట పట్టింది మా ఆయన. అన్నం తింటూ కంచం పక్కకి తోసి, “ఏటే ఈ కంపు? ఎలకేటైనా సచ్చిందా?” అన్నారు. నేను కాలు చీర కిందికి లాక్కున్నాను.

శ్రీకాకుళంలో ఒక ఆసుపత్రికి వెళ్ళాం. అక్కడ వరండాలో బెంచీల మీద కాళ్ళ పుళ్ళ వాళ్ళే కూర్చుంటారు. ఎవరి కాలు వాళ్ళు ఎదురుగా చాపుకుని, పక్కవాళ్ళ కాలు చూస్తుంటారు. పలాస నుంచి వచ్చిన ఒక పెద్దాయనకు అప్పటికే ఎడమకాలు లేదు. నన్ను చూసి నవ్వి, “భయపడకమ్మా. ఒక కాలు పోతే సగం పనే. గోళ్ళు ఐదే తీసుకోవాల,” అన్నాడు. ఆయన భార్య ఆయన నోటి మీద కొట్టి, నాకు తన సంచిలోంచి అరటిపండు తీసి ఇవ్వబోయి, షుగరని గుర్తొచ్చి, మళ్ళీ సంచిలో పెట్టేసుకుంది. ఆవిడ ముఖంలో ఆ నిమిషం కనిపించిన దయకు ఇప్పటికీ దండం పెడతాను.

లోపల కుళ్ళిన కండ కోసేశారు. నాకు ఏమీ తెలియలేదు. కత్తెర చప్పుడు మాత్రం వినిపించింది. గుడ్డ కత్తిరించినట్టుంది.

తిరుగు ప్రయాణంలో అరసవల్లి మీదుగా పోనివ్వమని అడిగాను. గుడి దగ్గర దిగలేకపోయాను. కట్టు తడవకూడదు, కాలు నేల మీద ఆనకూడదు. మా ఆయన ఒక్కరే దర్శనానికి వెళ్ళారు. ఆటో అతను వెనక్కి తిరిగి నన్ను చూశాడు. బండి స్టార్టు చేసి, ముందుకీ వెనక్కీ రెండుసార్లు తిప్పి, నా ముఖం గోపురం వైపు ఉండేలా నిలబెట్టాడు. “ఇప్పుడు కనిపిస్తన్నాదామ్మా?” అన్నాడు. కనిపిస్తోంది బాబూ అన్నాను. అతని పేరు అడగలేదు. దేవుడికి తెలుసు.

పుష్యం

పుండు అలాగే నోరు తెరుచుకుని ఉంది. శ్రీకాకుళం డాక్టరు విశాఖ పంపారు. అక్కడి పెద్దాసుపత్రిలో ఒక డాక్టరు గారు కట్టు విప్పి చాలాసేపు చూశారు. నన్ను అడక్కుండా మా ఆయనతో మాట్లాడారు. మధ్యలో నేనే అడిగాను.

“కాలు తీసేస్తారా బాబూ?”

ఆయన కుర్చీ నా వైపు జరుపుకున్నారు. “కొత్త మందు ఒకటుందమ్మా. చూస్తే పొడిలా ఉంటుంది. నిజానికి రవ్వకన్నా సన్నటి పూసలు. ఒక్కో పూస లోపల, కండ పెరగమని ఒంటికి చెప్పే పదార్థం ఉంటుంది. దాన్ని ఊరికే పోస్తే పుండు తడిలో కొట్టుకుపోతుంది. పూసలో పెడితే, పూస మెల్లగా కరుగుతూ వారం పొడుగునా కొంచెం కొంచెం వదులుతుంది.”

“దాంతో మానిపోతుందా?”

“అడుగున ఎర్రటి కండ పట్టాలి. అది పట్టిందంటే రెండో మెట్టు. మీ ఒంట్లోంచే కణాలు తీసి, ఇలాంటి పూసల మీదే పెంచి, పుండు మీద పరుస్తాం. అక్కడిదాకా వెళ్తే పాదం నిలుస్తుంది. వెళ్ళకపోతే మోకాలి కింద తీసేయాలి. దాచి చెప్పడం నాకు చేతకాదు.”

దాచకుండా చెప్పినందుకు ఆయనకు నమస్కారం పెట్టాను. ఎదురుచూడడమంటే ఏమిటో ఆ నెలలో తెలిసింది. మందు వేసిన వారానికి కట్టు విప్పేటప్పుడు నేను కళ్ళు మూసుకుని స్తోత్రం మొదలుపెట్టేదాన్ని. మొదటిసారి ఏమీ లేదన్నారు. రెండోసారి డాక్టరు గారు, “అమ్మా, కళ్ళు తెరిచి చూడండి,” అన్నారు. బూడిద రంగులో ఉన్న పుండు అడుగున దానిమ్మగింజల్లాంటి ఎరుపు. పక్క మంచం మీద ఉన్న పాలకొండ ఆవిడ లేచి వచ్చి చూసి, “బిడ్డ పుట్టినట్టుందమ్మా,” అంది. నాకు బిడ్డలు లేరని ఆవిడకు తెలియదు. కానీ సరిగ్గా అలాగే ఉంది.

రెండో మెట్టు మాఘం చివర అన్నారు. అందాకా మందు ఇంటికే ఇస్తామనీ, రాజాంలో ఒక నర్సు వారం వారం వచ్చి వేస్తుందనీ చెప్పారు. సీసాలు మంచుపెట్టెలో పెట్టి మా ఆయన చేతికిచ్చి, డాక్టరు గారు గట్టిగా చెప్పారు. “ఫ్రిజ్‌లోనే ఉండాలి. వేడి తగలకూడదు. తగిలితే పైకి ఏమీ కనపడదు, పొడి పొడిలాగే ఉంటుంది. లోపలిది చచ్చిపోతుంది.”

మాఘం

నన్ను ముందు గదిలో మంచం మీద పెట్టారు. కాలు ఆనించకూడదు కాబట్టి వంటింటి ముఖం చూడలేదు. మా ఆయన సీసాలు ఫ్రిజ్‌లో పెట్టి, “దీన్నెవులూ ముట్టుకోకండి,” అని ఒక కేక వేసి దుకాణంలోకి వెళ్ళిపోయారు. మా ఇంట్లో అంతకన్నా పెద్దగా ఎవరూ ఎవరికీ ఏమీ చెప్పరు.

నర్సు పేరు సుజాత. మంగళవారం మంగళవారం వచ్చేది. మొదటి మంగళవారం ఆ పిల్ల సీసా తెరిచి ఉప్పునీటితో కలుపుతుంటే మా అత్తగారు గుమ్మంలోంచి చూశారు.

“ఏటమ్మా అది? బియ్యప్పిండిలాగున్నాది.”

“పూసలమ్మా. జెలటిన్‌తో చేస్తారు.”

“అదేటి?”

“పశువుల తోలూ ఎముకలూ ఉడకబెట్టి తీస్తారు. గొట్టం మాత్రల పైతొక్క ఉంటాది కదా, అదే.”

సుజాత మామూలుగా చెప్పింది. మా అత్తగారు గుమ్మం మీదున్న చెయ్యి తీసేశారు. ఉల్లిపాయ కూడా ఆదివారం ఇంట్లోకి రానివ్వని మనిషి. నేను ఆవిడనే చూస్తున్నాను. ఆవిడ నా కాలు చూశారు, నా ముఖం చూశారు. “మందుకి దోసం నేదులే. ఎయ్యి,” అని లోపలికి వెళ్ళారు. ఆ మాటకు నేను ఏడ్చాను. ఇంత మడి పాటించే మనిషి నా కాలి కోసం అంత మాట అన్నారే అని.

అంతేకాదు. నా కాలి కోసం ఆ ఏడు మాఘ ఆదివారాలు పట్టారు. మా వైపు తెలిసిన సంగతే. మాఘమాసం ప్రతి ఆదివారం తలకు పోసుకుని, ఉప్పు లేకుండా ఒంటిపూట ఉండి, ఎండలో పాలు పొంగించి, పరమాన్నం వండి సూర్యుడికి నైవేద్యం పెడతారు. ఆ వయసులో ఆవిడ మేడమెట్లు ఎక్కి ఎండలో పిడకల పొయ్యి ముందు కూర్చునేవారు. ప్రసాదం తెచ్చి నా నాలుక మీద ఒక్క మెతుకు పెట్టేవారు. “తియ్యదనం మింగకు, భగవంతుడి పేరు మింగు,” అనేవారు. నేను ఒక్క మెతుకే తిన్నాను. ఇది రాసుకోండి. ఒక్క మెతుకే.

ఎరుపు తగ్గుతూ వచ్చింది. మాఘం ఆఖరి మంగళవారం సుజాత కట్టు విప్పి, దీపం దగ్గరికి జరిపి, మళ్ళీ చూసింది. అంచులు తెల్లబడ్డాయి. సెల్‌ఫోనుతో ఫొటో తీసి డాక్టరు గారికి పంపింది.

“సుగరెలా ఉంది?” అని అడిగింది.

చూస్తే ఎప్పుడూ లేనంత ఉంది. పుండు చెడితే షుగరు దానంతట అదే పెరుగుతుందని నాకు తరవాత తెలిసింది. ఆ రోజు అందరికీ మరో కారణం దొరికింది.

“పరవాన్నం,” అన్నారు మా ఆయన.

“ఒక్క మెతుకండీ.”

“ఒక్క మెతుకుకి ఇంత పెరుగుద్దేటి? గిన్నె ఎవులు నాకినారు?”

గిన్నె నేను చూడనైనా చూడలేదు. మా అత్తగారి వైపు తిరిగాను, చెప్తారని. ఆవిడ, “నాను మేడ మీదుంటే కింద ఏటి జరిగిందో నాకేటి తెలుస్తాది,” అన్నారు. అబద్ధం కాదు. నిజంగానే ఆవిడకు తెలియదు.

ఫాల్గుణం

ఆ ఫొటో చూసి డాక్టరు గారు వెంటనే రమ్మన్నారు. మర్నాడే విశాఖ వెళ్ళాం. ఫ్రిజ్‌లోంచి తీయలేదు కదా అని అడిగారు. లేదని మా ఆయన ఒట్టు వేశారు. ఆయనకు తెలిసినంత వరకు నిజమే. అప్పుడు డాక్టరు గారు షుగరు లెక్క చూసి కాగితం బల్ల మీద పెట్టేశారు. “అమ్మా, మేం ఎంత చేసినా నోరు మీ చేతిలో ఉంటుంది. రెండో మెట్టు చేయలేను. అడుగున కండ లేదు. కణాలు పరిచినా బతకవు.”

నేను తినలేదు బాబూ అన్నాను. ఆయన తల ఊపారు. తినలేదని చెప్పేవాళ్ళను రోజూ చూసే మనిషి తల ఊపినట్టు ఊపారు. ఆయన మీద నాకు కోపం లేదు. ఆయన చేతిలో ఉన్న కాగితం ఆయనకు అదే చెప్పింది.

కాలు మోకాలి కింద తీసేశారు. దాని గురించి ఎక్కువ రాయను. మెలకువ వచ్చాక దుప్పటి కుడివైపు కింద చదునుగా ఉంది. ఒక ఆయమ్మ చిన్న కవరులో నా వెండి మట్టె పెట్టి ఇచ్చింది. రెండో కవరు గురించి మా ఆయనను అడిగారు, కాలు మీరు తీసుకెళ్తారా, మమ్మల్ని చూసుకోమంటారా అని. “మీరే సూసుకోండి,” అన్నారు ఆయన, దుకాణంలో పాడైన సరుకు వెనక్కి పంపేటప్పుడు చెప్పినట్టు.

ఉన్నప్పుడు మేకు దిగినా తెలియని పాదం, పోయాక నొప్పి మొదలుపెట్టింది. బొటనవేలి కింద, సరిగ్గా అక్కడే. చెయ్యి పెడితే పక్క తగులుతుంది. అలా ఉంటుందని, కొన్నాళ్ళకు తగ్గుతుందని నర్సులు చెప్పారు. ఇంకా తగ్గలేదు.

చైత్రం

ఉగాదికి ఇంటికి తెచ్చారు. సాలూరు నుంచి మా వదిన, అంటే మా ఆయన అక్కగారు, చూడ్డానికి వచ్చారు. లారీలున్న ఇంటి కోడలు, గొంతు కూడా లారీ హారనే. మంచం పక్కన కూర్చుని, కాలు లేని చోట చేత్తో తడిమి చూశారు.

“ఏటే మరదలా, పాయసం అంత తియ్యగున్నాదా? కాలు అమ్ముకుని తిన్నావు?”

“నేను తినలేదు వదినా.”

“అందరూ అదే సెప్తారు. మా డ్రైవర్లు కూడా తాగనేదనే సెప్తారు, లారీ కాలవలో ఉంటాది.” తన మాటకు తనే నవ్వి, వాళ్ళమ్మ వైపు తిరిగి, “అమ్మా, కాలు పోతే మైలుంటాదేటి? మనిషి కాదు గానీ మనిషి ముక్కే కదా?” అన్నారు.

“బతికున్న మనిసికి మైలేటే? నోరు ముయ్యి,” అన్నారు మా అత్తగారు. ఆ మాటకు మనసులో దండం పెట్టుకున్నాను. మరుక్షణం ఆవిడే, “కడుపూ పండనేదు, కాలూ నిలబడనేదు. దీని జాతకం అంతే,” అన్నారు.

ఆ నెలంతా ఇంటికి ఎవరొచ్చినా మా ఆయన చెప్పేది ఒకటే కథ. దుకాణానికి వచ్చిన వాళ్ళకూ అదే. లోపల మంచం మీదున్న నాకు వినిపించేది. “నోరు కట్టుకోనేదండీ. దేవుడి పరవాన్నం దొంగతనంగా తినీసి కాలు తీయించుకుంది.” రాజాంలో పంచదార కొనడానికి వచ్చిన ప్రతివాళ్ళకూ నా కాలు సంగతి తెలిసింది. ఒకావిడ ఆ మాట విని, “అయితే నాకు అరకేజీయే ఇవ్వండి,” అంది.

వైశాఖం

ఒక మధ్యాహ్నం వదిన మళ్ళీ వచ్చారు. నేను ముందు గదిలో కళ్ళు మూసుకుని ఉన్నాను. తల్లీ కూతుళ్ళు నడవలో చింతపండు గింజ తీస్తూ మాట్లాడుకుంటున్నారు.

“నువ్వు పట్టినన్ని నోములు ఎవులు పట్టినారే అమ్మా? అయినా భగవంతుడు సూడనేదు.”

“ఏటి సేత్తాం? నా వల్ల లోపం నేదు. ఆ గొడ్డుతోలు మందుని కూడా మడి సెయ్యకుండా ఉంచనేదు నేను.”

“మందుకి మడేటే?”

“ఫ్రిజ్‌లో దేవుడి పాలు పెడతాను కదే. ఆదివారం నైవేద్యం పాల పక్కన గొడ్డుతోలు ఉంటాదా? శనివారం పొద్దున్నే పసుపు గుడ్డలో మూటకట్టి మేడ మీద పెట్టీదాన్ని, మిరపకాయల పక్కన. రెండ్రోజులు ఎండ తగిలీది. సూర్యుడి సూపు పడితే మందుకీ మంచిదే కదా, సుద్ధవౌతాది. పొడి సరుకు ఎండకి పాడవదు, పురుగూ పట్టదు. సోమవారం మళ్ళీ ఫ్రిజ్‌లో పెట్టీసీదాన్ని. ఒక్క వారం తప్పనేదు.”

“నిష్ఠంటే నీదేనే,” అన్నారు వదిన.

నేను కళ్ళు తెరవలేదు. పోయిన పాదం నొప్పి పెట్టడం మొదలైంది. విశాఖలో వేసినప్పుడు ఎర్రబడిన పుండు, ఇంటికొచ్చాక ఎందుకు తెల్లబడిందో వరసగా అర్థమైంది. నా కాలు బతకాలని పట్టిన నోము కోసమే నా కాలిని బతికించే మందును మేడ మీద మిరపకాయల పక్కన చంపారు. ప్రతి వారం, భక్తిగా, నా పేరు చెప్పుకుని.

మూడు రోజులు ఎవరితోనూ అనలేదు. సూర్యుడికి దండం పెట్టుకోవడానికి చెయ్యి లేవలేదు. ఇన్నేళ్ళలో మొదటిసారి. ఆయన ఎండలో తప్పు లేదు. ఆవిడ నిష్ఠలో తప్పు లేదు. అలా తీసేసుకుంటూ పోతే చివరికి మిగిలేది నా నోరు. తప్పంతా దాని మీదే ఉంది, దుకాణంలో, వీధిలో, సాలూరు దాకా.

నాలుగో రోజు వదిన వెళ్ళిపోయాక మా అత్తగారిని పిలిచాను.

“అత్తా, ఆ మందు ఎండలో పెట్టకూడదు. వేడి తగిలితే లోపలిది సచ్చిపోతాదని డాక్టరు చెప్పారు.”

ఆవిడ చేతిలో చేట ఉంది. కందిపప్పు చెరుగుతున్నారు. “పొడి సరుకు ఎండకి సచ్చిపోద్దేటి? నా జన్మంతా కొట్టు నడిపినాను. నాకు సెప్తావేటే?”

“అది సరుకు కాదత్తా. అందులో ప్రాణం లాంటిది ఉంటాది. మీ అబ్బాయికి అక్కడే చెప్పారు.”

చేట ఆగింది. ఆవిడ పప్పులోకి చూశారు. ఒక రాయి కనిపిస్తే తీసి పారేశారు. తరవాత, “నాకెవులు సెప్పినారు?” అన్నారు. గొంతు చిన్నదైపోయింది.

ఎవరూ చెప్పలేదు. అది నిజం. ఆవిడ అడిగితే తోలు సంగతి చెప్పారు. వేడి సంగతి ఎవరూ చెప్పలేదు. నేను ఆవిడ చెయ్యి పట్టుకుందామని ముందుకు వంగాను. ఆ క్షణంలో ఆవిడ ఇంకొక్క మాట అని ఉంటే, నా కాలు పోయిన సంగతి నేను అక్కడే వదిలేసి ఉండేదాన్ని. మా ఆయన దుకాణంలోంచి లోపలికి వచ్చారు.

“ఏటి గొడవ?”

“ఏటీ నేదురా,” అన్నారు ఆవిడ. చేట మళ్ళీ ఆడింది. “దాని కాలు నానే తీసీసినానంట.”

మా ఆయన నా వైపు నడిచి వచ్చారు. చెయ్యి ఎత్తలేదు. ఎత్తినా బాగుండేది. “సిగ్గునేదా నీకు? పరవాన్నం నాకీసి, కాలు తీయించుకుని, ఇప్పుడు మా అమ్మ మీదకి తోస్తన్నావా? నీ కోసం ఉప్పు మానీసిన మనిసి మీదకి?”

నేను అత్తగారి వైపు చూశాను. ఆవిడకు తెలుసు. ఇప్పుడు తెలుసు. చెప్పగలిగింది ఆవిడ ఒక్కరే. ఒక్క మాట.

“ఊరుకోరా నాన్నా,” అన్నారు చెరుగుతూనే. “కాల్లేనిదానితో గొడవేటి?”

జ్యేష్ఠం

ఇప్పుడు చంకకర్రలతో వీధి గుమ్మం దాకా వెళ్ళగలుగుతున్నాను. పొద్దుటి దండం మళ్ళీ మొదలుపెట్టాను, కూర్చునే. పలాస పెద్దాయన భార్యకు, ఆటో అబ్బాయికి, పాలకొండ ఆవిడకు, డాక్టరు గారికి పేరు పేరునా చెప్పుకుంటాను. మా అత్తగారి పేరు దగ్గర ఆగిపోతాను. ఆగి, ఆవిడ నా కోసం ఆకలితో ఉన్న ఆదివారాలకు దండం పెడతాను. అంతకన్నా నాకు చేతకావడం లేదు. కాలికి మాత్రం ఎవరికీ కృతజ్ఞత చెప్పలేను. భగవంతుడు ఇంతవరకు అడగలేదు.

మీ ఇంటికి ఇలాంటి మందు వస్తే, దాన్ని ఎక్కడ పెట్టాలో, ఎందుకు పెట్టాలో, వంటిల్లు ఎవరి చేతిలో ఉందో ఆ మనిషికి ముందు చెప్పండి. పక్కన కూర్చుని చెప్పండి. కేకేసి వెళ్ళిపోకండి. పొడిలా కనిపించేదంతా పొడి కాదని చెప్పండి. మడి పట్టింపు ఉంటే ఆ మాటా ముందే అడగండి. దేవుడి పాలకు వేరే చోటు చూడొచ్చు.

పోయిన వారం సుజాత మోకాలి దగ్గర కుట్లు వేసిన చోటు చూడ్డానికి వచ్చి, నా ఎడమ మడమ కూడా తిప్పి చూసింది. పగులు ఒకటి ఉంది, లోపల కొంచెం తడి. ఆ పిల్ల ముఖం చూసి నాకు అర్థమైంది. బరువంతా ఇప్పుడు ఆ కాలి మీదే.

“ఇది పెరక్కూడదమ్మా,” అంది. “పెరిగితే మళ్ళీ ఆ పూసల మందే అడగాల. కానీ సారు ఇవ్వరు. మీరు తింటారని రాసేశారు.”

దుకాణంలో మా ఆయన ఎవరికో పంచదార తూస్తున్నారు. మా అత్తగారు మేడ మీద ఉన్నారు. నేను సుజాతకు మొత్తం చెప్పాను, శనివారాలు, పసుపు గుడ్డ, మిరపకాయలు. నన్ను ఎదురు ప్రశ్న వేయకుండా నమ్మిన మొదటి మనిషి ఆ పిల్లే. నా కాలు ఒళ్ళో పెట్టుకుని మడమ పగులు తుడిచింది.

“సారుతో నేను మాట్లాడతాను,” అంది. “మందు ఇస్తే మాత్రం ఇక్కడొద్దమ్మా. మా ఇంట్లో పెట్టుకుంటాను. కానీ...” ఆగింది. “మా ఫ్రిజ్ చిన్నది. అందులో ఎప్పుడూ చేపలుంటాయి. మీరు పట్టించుకుంటారేమో.”

మేడ మీంచి మా అత్తగారు మెట్లు దిగుతున్న చప్పుడు వినిపిస్తోంది. గొంతు తగ్గించాను.

“చేపల పక్కనే పెట్టమ్మా,” అన్నాను.